చెప్పే కొలత, కుట్టే కొలత

రికార్డుల గది, కింది అంతస్తు
జూన్ 4

మరదలా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నానంటే విశేషం ఉన్నట్టే. ముందు చేతిలో కత్తెర పక్కన పెట్టు.

నువ్వు పంపిన కార్డు గోడకెక్కింది!

మా ఆసుపత్రిలో గుండెకు వైద్యం చేయించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళందరికీ అలాంటి కార్డే ఇస్తాం. రోజూ పొద్దున బరువు చూసి గడిలో రాయాలి, పదిహేను రోజులకోసారి మాకు పోస్టు చేయాలి. ఒంట్లో నీరు చేరుతోందని అందరికంటే ముందు చెప్పేది ఆ అంకే. ఇంత చిన్న పని కదా, వచ్చే కార్డులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒకాయన పదిహేను గళ్ళూ ఒకే పూట కూర్చుని నింపేస్తాడు. ఇంకొకావిడ కార్డు వెనక మనవరాలు ఏనుగు బొమ్మ వేసి, తొండానికి రంగు కూడా పూసి పంపింది. మొన్న ఒక పెద్దమనిషి బరువు గడిలో “బాగానే ఉన్నాను” అని రాశాడు. అది ఎన్ని కిలోలో కంప్యూటర్లో ఎలా ఎక్కించాలి చెప్పు.

అలాంటి గుట్టలోంచి తమ్ముడి కోసం నువ్వు నింపిన కార్డు బయటపడింది. మే రెండో సగం మొత్తం, ఒక్క గడి ఖాళీ లేదు. ముత్యాల్లాంటి అంకెలు. అరవై ఎనిమిది, అరవై ఎనిమిది పాయింట్ రెండు, మళ్ళీ అరవై ఎనిమిది. మా పెద్ద నర్సు దాన్ని వార్డంతా తిప్పి చూపించి, “కార్డంటే ఇట్టా ఉండాలి” అని గోడకు పిన్ను గుచ్చింది. పేరు మీద తెల్లకాగితం అంటించిందిలే. ఎవరి వివరం ఎవరికీ తెలియకూడదు. నాకు మాత్రం నీ ఎనిమిది అంకె మెలిక చూడగానే తెలిసిపోయింది. టీ తాగినంతసేపూ దాని ముందే నిలబడ్డాను.

మన వాళ్ళ ఫైలు మనం ముట్టుకోకూడదని మా గదిలో నియమం. అందుకే తమ్ముడి ఫైలు నా ఎదురు బల్ల కళ్ళజోడాయన చూస్తాడు. లేకపోతే నీ కార్డును నేనే కంప్యూటర్లో ఎక్కించి ఇంకా మురిసిపోయేదాన్ని.

ఫోన్లో చెబుదామంటే మీకున్న ఒక్క ఫోనూ ఇంట్లో వాడి ఒళ్ళో ఉంటుంది, నువ్వేమో కొట్లో ఉంటావు. వాడికి చెబితే ఆ ఘనత తన గుండెదే అంటాడు. ఘనత నీది. అందుకే కొట్టు చిరునామాకు రాస్తున్నాను.

నీ వదిన


కుట్టు కొట్టు
జూన్ 18

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం చూసి సంతోషపడాల్సింది పోయి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కార్డు తీయించేయండి వదినా. నా రాత ఏమంత గొప్పదని? కొలతల పుస్తకంలో గిలికే చెయ్యి ఇది.

మీరు ఘనత అన్నారు కాబట్టి మా పనిలోని గుట్టు ఒకటి చెబుతాను. మాకు రెండు కొలతలుంటాయి. ఒకటి చెప్పే కొలత, ఒకటి కుట్టే కొలత. పోయిన నెల బ్యాంకు మేడమ్ వచ్చింది. టేపు పెడితే నడుము ముప్పై ఆరు. “ముప్పై నాలుగు దాటలేదు కదా?” అంది ఊపిరి బిగబట్టి. “ముప్పై నాలుగున్నరండి” అన్నాను. పుస్తకంలో ముప్పై ఆరు రాసుకున్నాను. గౌను ఒంటికి అతికినట్టు సరిపోయింది, ఆవిడ మనసూ బాగుంది. ఇందులో ఎవరికి నష్టం? మా అమ్మ నాకు టేపు పట్టడం కంటే ముందు నేర్పిన విద్య ఇదే.

మీ తమ్ముడు బాగానే ఉన్నారు. కారు నేర్పే మాస్టారిని కారెక్కొద్దంటే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలో పోయే బళ్ళకు కుడికాలితో బ్రేకు తొక్కుతుంటారు. పొద్దున ఏడింటికి కాటా ఎక్కుతారు. ఎక్కి గోడ వైపు చూస్తారు కానీ కిందికి చూడరు. “ఎంత?” అంటారు. నేను వంగి చూసి చెప్పాలి. అప్పటిదాకా పెదవి కొరుక్కుంటూ ఉంటారు. మీ వార్డులో పక్క మంచం పెద్దాయన రెండు కిలోలు పెరిగి వచ్చి, మళ్ళీ ఇంటికి పోలేదు కదా. అది ఆయన మనసులో నాటుకుపోయింది.

పోయిన వారం కాటాలో బ్యాటరీ అయిపోయి మంగళ, బుధవారాలు రెండు రోజులూ అది మూగనోము పట్టింది. గురువారం నేను కొత్త బ్యాటరీ తెచ్చేదాకా ఆయన ప్రాణం ఆయన దగ్గర లేదు. మోకాలి నొప్పి మాత్రం తగ్గింది. మందుల షాపాయన ఇచ్చిన నొప్పి బిళ్ళలు నెల నుంచి వేసుకుంటున్నారు, బాగా పనిచేస్తున్నాయి.

కార్డు సంగతి మరచిపోకండి. గోడ మీద వద్దు.

మీ మరదలు


రికార్డుల గది, కింది అంతస్తు
జూన్ 27

మరదలా,

నీ చెప్పే కొలత చదివి నవ్వుకున్నాను. పోయినేడు నాకు కుట్టిన గౌనుకు “వదినా, మీరు ఏమీ లావెక్కలేదు” అన్నావే, గుర్తుందా? ఇప్పుడు నీ పుస్తకంలో నా పేజీ చూడాలని ఉంది.

నీ పాత కార్డు తీశారు. సంతోషపడకు. దాని చోట జూన్ మొదటి సగం కార్డు పెట్టారు. అదీ నీదే.

బరువు ఇంత నిలకడగా ఉంటే అంత మందు అవసరం లేదని పెద్ద డాక్టరు నీరు పోయే బిళ్ళను సగానికి తగ్గించారట. మీకు ఆయన పంపిన కాగితం ఇరవయ్యో తేదీకే అంది ఉంటుంది.

ఊరికే అడుగుతున్నాను, తీరిక చూసుకుని రాయి. తమ్ముడు రాత్రిపూట ఎన్ని దిండ్లు వేసుకుంటున్నాడు? పెళ్ళికాకముందు వాడికి దిండే అక్కర్లేదు, మోచెయ్యి చాలు. బూట్లు వేసుకుంటున్నాడా? మేజోళ్ళు విప్పాక చీలమండ మీద గీతలు పడుతున్నాయా? మీ ఇంటికి మెట్లు ఎన్ని, పద్దెనిమిదా? ఒక్క ఊపున ఎక్కుతున్నాడా? ఇవన్నీ ముసలితనపు చాదస్తం అనుకో. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్య కూర్చుంటే ప్రశ్నలు ఆగవు.

వీలైనంత త్వరగా రాయి.

నీ వదిన


కుట్టు కొట్టు
జూలై 3

వదినా,

మీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను, మార్కులు వేయండి.

దిండ్లు: లెక్కే లేదు, ఎందుకంటే ఆయన మంచం మీద పడుకోవడం మానేశారు. కిటికీ కుర్చీలోనే హాయిగా ఉందంటున్నారు. నాకూ గురక బాధ తప్పింది.

బూట్లు: వానాకాలం కదా, చెప్పులే. వాటి పట్టీ కూడా రెండు బెజ్జాలు వదులు చేశాను.

మెట్లు: పద్దెనిమిదే. సగం మెట్లెక్కాక కరెంటు మీటర్ల దగ్గర ఆగుతారు. అందరి మీటర్లూ చదివి, “కింది వాటావాళ్ళు బాగా వాడుతున్నారే” అంటారు. తర్వాత పైకి వస్తారు. రోజూ చదువుతున్నారు.

మీరు అడగనిది ఒకటి కూడా చెబుతాను. ఆయన ప్యాంట్లు రెండూ నడుము దగ్గర విప్పి ఒకటిన్నర అంగుళం వదిలాను. ఉతికి ఉతికి గుడ్డ కుంచించుకుపోయింది. ఇంట్లోనే దర్జీ ఉంటే ఇదే సుఖం. ఆయనకు తెలియనైనా తెలియదు, తొడుక్కుంటే సరిపోయింది అంతే.

బరువు బాగుంది. ఈ పొద్దున అరవై ఎనిమిది పాయింట్ రెండు. కార్డు ఈ నెల పదిహేనున పంపిస్తాను.

మీరేం బెంగపెట్టుకోకండి. నేను చూసుకుంటున్నాను కదా.

మీ మరదలు


రికార్డుల గది
జూలై 8, ఉదయం

దీన్ని మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మధ్యాహ్నానికి నీ కొట్టుకు తెచ్చిస్తాడు. నిలబడే చదువు. చదవగానే కొట్టు మూసి ఇంటికి పో.

గుడ్డ కుంచించుకుపోతే రెండు ప్యాంట్లూ ఒకే నెలలో కుంచించుకుపోవు. అది నాకంటే నీకే బాగా తెలుసు. వాడి ఒంట్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చుంటున్నాడు. మీటర్లు చదవడం కాదు, ఆయాసం తీర్చుకుంటున్నాడు. నువ్వు రాసిన ప్రతి జవాబూ మా గదిలో ఉన్న ఫైళ్ళలో వందసార్లు చదివాను. ఆ ఫైళ్ళు ఎలా ముగుస్తాయో నీకు చెప్పను.

కార్డు మీద మాత్రం అరవై ఎనిమిది పాయింట్ రెండు.

జూన్ తొమ్మిది మంగళవారం. పది బుధవారం. ఆ రెండు రోజులూ కాటా పనిచేయలేదని నువ్వే రాశావు. కార్డులో ఆ రెండు గళ్ళలో అంకెలున్నాయి. పనిచేయని కాటా మీద ఏం చూసి రాశావు మరదలా? వాడికి చెప్పే కొలతే మాకూ రాసి పంపావు, అవునా? అది చూసి డాక్టరు మందు సగం కోసేశారు. నువ్వు వాడి మనసు కాపాడదామనుకున్నావు. నేను నమ్ముతాను. కానీ కుట్టే కొలత లేకుండా నువ్వు ఒక్క గౌను కత్తిరిస్తావా? డాక్టరు చేతికి ఏ కొలత ఇచ్చావు?

పొద్దున ఇంటికి ఫోన్ చేశాను. వాడే ఎత్తాడు. ఒక్క మాట పూర్తి చేయడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. వెంటనే ఆసుపత్రికి పోరా అన్నాను. “కార్డు బాగుందిగా అక్కా, అనవసరంగా భయపెట్టకు” అన్నాడు. నా మాట వినడు. నీ అంకెను నమ్ముతున్నాడు. ఆ అంకె అబద్ధమని నువ్వే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా కదలడు. నిజం చెప్పి, మీ ఊరి ఆసుపత్రికి ఈ రోజే తీసుకుపో. నిజం అంకెలు ఎక్కడైనా ఉంటే పట్టుకుపో. చేరాక ఎంత రాత్రయినా ఫోన్ చేయి.

నా తప్పూ రాస్తున్నాను, దాచుకోను. ఆ తొమ్మిది, పది గళ్ళు నేను గోడ మీద చూసింది జూన్ ఇరవై ఆరున. ఆ రోజే పెద్ద నర్సుకు చెప్పాల్సింది. మా మరదలి కార్డు అని నలుగురిలో గొప్పలు పోయినదాన్ని, అది తప్పు కార్డని ఏ నోటితో చెప్పను? నా పరువు అడ్డం వచ్చింది. దిండ్లూ బూట్లూ అని డొంకతిరుగుడుగా అడుగుతూ కూర్చున్నాను. పన్నెండు రోజులు పోయాయి. ఈ ఉత్తరం డ్రైవరుకిచ్చి నేరుగా పెద్ద నర్సు దగ్గరికే వెళ్తున్నాను.

వాడు నా ఒక్కగానొక్క తమ్ముడు.

వదిన


మా ఊరి ఆసుపత్రి, వార్డు వరండా
జూలై 16

వదినా,

ఫోన్లో మీతో మాట్లాడిన ఆ రెండు ముక్కలే తప్ప ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు. ప్రాణానికి భయం లేదని ఈ ఉదయం డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఇప్పుడు కాగితం తీశాను.

మీ ఉత్తరం అందేసరికి ఒక చొక్కాకు కాజాలు కుడుతున్నాను. సూది అలాగే గుచ్చి వదిలేసి ఇంటికి పరుగెత్తాను. కుర్చీలో ఉన్నారు. “అంకె అబద్ధమండీ” అన్నాను. అర్థం కాలేదు. “అరవై ఎనిమిది కాదు. ఈ పొద్దున డెబ్బై నాలుగు” అన్నాను. నన్ను చూశారు. అరుస్తారనుకున్నాను, అరిస్తే బాగుండేది. “పద” అన్నారు అంతే. చెప్పులు తొడగబోతే కాళ్ళు పట్టలేదు. వట్టికాళ్ళతోనే ఆటో ఎక్కారు.

ఎలా మొదలైందో మీకు చెప్పాలి. మే పదమూడున అరవై ఎనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. ముందురోజు కంటే ముప్పావు కిలో ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రోజంతా ఆయన అన్నం ముట్టలేదు. గోడకు తిరిగి పడుకుని గుండె మీద చెయ్యి తీయలేదు. “నన్ను అక్కడికి పంపకే” అన్నారు సాయంత్రం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన గొంతు అలా వినలేదు. మర్నాడు కాటా మీద ఇంకాస్త పెరిగింది. నా నోటి నుంచి “అరవై ఎనిమిది” అని వచ్చేసింది. బ్యాంకు మేడమ్‌కు చెప్పినంత తేలిగ్గా వచ్చింది వదినా. ఆయన ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నారు.

కార్డు ఆయన కళ్ళముందే ఉంటుంది, కాబట్టి అందులోనూ అదే రాయాల్సి వచ్చింది. వేరే కాగితం మీద నిజం రాసి మీకు పంపొచ్చని అప్పుడు తట్టలేదు. తట్టాక కార్డు గోడకెక్కిందని మీ ఉత్తరం వచ్చింది. ఇక ఏ ముఖంతో చెప్పను? రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది, తగ్గాక నిజమే రాసుకోవచ్చు అనుకుంటూ వచ్చాను.

నిజం అంకెలు ఎక్కడైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. చెప్పే కొలత చెప్పాక కుట్టే కొలత రాసుకోకపోతే నా చేతికి నిద్ర పట్టదు. రోజూ కొట్టుకు రాగానే కొలతల పుస్తకంలో ఒక మూల రాసేదాన్ని. డాక్టరమ్మ “ఇంట్లో బరువు రాశారా?” అని అడిగితే ఆ పుస్తకం తీసి ఇచ్చాను. ఆవిడ వేలు పెట్టి వెతుక్కుంటూ చదివింది. ఒక పేజీలో బ్యాంకు మేడమ్ నడుము, దాని కింద ఈయన అరవై తొమ్మిది పాయింట్ ఆరు. ఇంకో పేజీలో బడి పరదాల పొడవు, పక్కన డెబ్బై పాయింట్ ఎనిమిది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడ మాత్రం, “ఇది బంగారం అమ్మా” అంది.

అంకెలన్నీ వరసగా ఒక కాగితం మీద ఎక్కించి, “మే పన్నెండు దాకా మామూలుగా ఉంది. ఆ ముందురోజుల్లో కొత్తగా ఏం మొదలుపెట్టారు?” అంది. ఏమీ లేదన్నాను. బాగా ఆలోచించమంది. అప్పుడు గుర్తొచ్చింది, మోకాలి నొప్పి బిళ్ళ. మే పదిన మొదలుపెట్టారు. ఆ బిళ్ళ ఒంట్లో నీటిని బయటికి పోనివ్వదట, గుండె జబ్బున్నవాళ్ళు దాని జోలికే పోకూడదట. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మీకు జూన్లో రాశానే, బాగా పనిచేస్తోందని. ఆ కార్డులు నిజమైనవైతే ఇది మే నెలలోనే మీవాళ్ళు పట్టేసేవారు కదా వదినా? అబద్ధం చెప్పకండి. పట్టేసేవారు.

బిళ్ళ మాన్పించారు. సూదిమందుతో నీరు తీశారు. ఈ ఉదయం అరవై ఎనిమిదిన్నర. కాళ్ళ మీద చర్మం ముడతలు పడి వదులైంది, లోపల గుడ్డ ఎక్కువ వదిలిన చొక్కాలా.

ఆయన నాతో మాట్లాడటం లేదు. మందివ్వబోతే తీసుకుంటారు, నీళ్ళిస్తే తాగుతారు. నిన్న ఒక్క మాట అడిగారు. “ఇంకేమైనా ఉన్నాయా?” అన్నారు. ప్యాంట్ల సంగతి చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి చూసి, “నా ప్యాంటు కూడానా” అన్నారు.

ఆయన ప్రాణం దక్కింది. నా మాటను ఆయన మళ్ళీ నమ్ముతారా? అది ఏ డాక్టరమ్మను అడగాలి?

మరదలు


రికార్డుల గది, కింది అంతస్తు
జూలై 21

మరదలా,

అబద్ధం చెప్పొద్దన్నావు కనుక చెప్పను. పట్టేసేవాళ్ళం. మేలోనే. అది నువ్వు మోయాల్సిందే. జూన్ ఇరవై ఆరు నుంచి జరిగినది నేను మోయాలి. ఇద్దరం చెరో వైపు పట్టుకుందాం.

గోడ మీద కార్డు నేనే తీశాను. పెద్ద నర్సుతో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ అరవలేదు. కుర్చీలో కూలబడి, “దాన్ని చూపించి ఎంతమందిని తిట్టానో” అంది. పై అధికారి మాత్రం నన్ను నిలబెట్టి కడిగేశాడు, నా ఫైల్లో ఒక కాగితం చేరింది. ముప్పై ఏళ్ళలో మొదటిది. ఉండనీ.

ఇప్పుడు కార్డులు అడిగేటప్పుడు పెద్ద నర్సు రెండు ప్రశ్నలు కొత్తగా అడుగుతోంది. “బయట కొన్న బిళ్ళలేమైనా వేసుకుంటున్నారా?” అన్నది ఒకటి. రెండోది, “ఈ అంకె చూస్తే ఇంట్లో ఎవరికైనా భయంగా ఉందా?” అన్నది. మొన్న ఒకావిడ రెండో ప్రశ్నకు భోరున ఏడ్చింది. ఆవిడ దగ్గరా రెండు కార్డులున్నాయి. నువ్వొక్కదానివే అనుకోకు.

నీ చివరి ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. నాకు తెలిసింది మా గదిలో పని ఒక్కటే. అది చెబుతాను.

మా దగ్గర తప్పు అంకెను చెరపడం ఉండదు. తెల్లరంగు పూయకూడదు, చింపి కొత్త కాగితం పెట్టకూడదు. తప్పు మీద ఒక్క గీత గీయాలి. ఒక్కటే, సన్నగా. కింద పాత అంకె కనబడుతూ ఉండాలి. పక్కన సరైన అంకె రాసి, తేదీ వేసి, దిద్దినవాళ్ళు సంతకం చేయాలి. కొత్తగా చేరినప్పుడు నాకు అది నచ్చేది కాదు, తప్పును అందరికీ కనబడేలా ఎందుకు ఉంచాలి అని. చేయగా చేయగా తెలిసింది. తప్పు కనబడుతుంటేనే దాని పక్కనున్న అంకెను తర్వాత చదివేవాళ్ళు నమ్ముతారు.

నీ కార్డుల నకళ్ళు దీంతో పంపుతున్నాను. కళ్ళజోడాయనే తీసిచ్చాడు, నియమం ప్రకారమే. జూలైలో నువ్వు పోస్టు చేయని కార్డు నీ దగ్గరే ఉంది. అన్నీ దిద్ది పంపు, అసలువాటికి జత చేస్తాం. మే పద్నాలుగు నుంచి జూలై ఎనిమిది దాకా యాభై ఆరు గళ్ళు. కొట్లో ఒంటరిగా కూర్చుని దిద్దొద్దు. వాడి ముందు దిద్దు.

నీ వదిన


మా ఇల్లు, కిటికీ దగ్గర
ఆగస్టు 9

వదినా,

కార్డులు దీంతో పంపుతున్నాను. ఆలస్యమైనందుకు తిట్టకండి. ఇంటికి వచ్చిన రెండు వారాలకు గానీ వాటిని బయటికి తీసే ధైర్యం రాలేదు.

పోయిన ఆదివారం పొద్దున బల్ల మీద కార్డులూ కొలతల పుస్తకమూ పెట్టి, మీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. పుస్తకం తన వైపు లాక్కుని, “నేను చదువుతా, నువ్వు దిద్దు” అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నాతో అన్న అతి పెద్ద మాట అదే.

“మే పద్నాలుగు. అరవై తొమ్మిది.” గీత గీశాను, పక్కన రాశాను, సంతకం చేశాను. “పదిహేను. అరవై తొమ్మిది పాయింట్ ఒకటి.” మళ్ళీ గీత. ఆయన గొంతు కారు నేర్పేటప్పటిలా ఉంది, కోపమూ లేదు, ప్రేమా లేదు, ముందుకు చూడు అన్నట్టు. ఒకచోట ఆగి, “ఈ ముప్పై ఆరెవరు?” అన్నారు. బ్యాంకు మేడమ్ అన్నాను. “పాపం” అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగేసి గీత గీశాను.

జూన్ తొమ్మిది దగ్గర ఆగిపోయాం. పుస్తకంలో ఆ రెండు రోజులూ ఖాళీ. కార్డులో నేను రాసిన అరవై ఎనిమిది పాయింట్ ఒకటి, అరవై ఎనిమిది. వాటి మీద గీతలు గీశాను కానీ పక్కన రాయడానికి ఏమీ లేదు. ముందురోజు అంకె, తర్వాతి రోజు అంకె కలిపి సగం చేసి రాయనా అన్నాను. ఎంత సిగ్గులేని చెయ్యో చూడండి నాది. ఇంకా కుట్టుకుంటూ పోదామనే చూస్తోంది.

ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. రెండు గళ్ళలోనూ “తెలియదు” అని రాశారు. కింద తేదీ వేసి తన సంతకం చేశారు. “తెలియనప్పుడు ఇట్టా రాయాలి” అన్నారు. తిట్టడం కాదు వదినా, నేర్పినట్టు చెప్పారు. ఆ తర్వాత పెన్ను నాకిచ్చి, “జూన్ పదకొండు” అన్నారు. జూలై ఎనిమిది దాకా ఆగకుండా చదివారు. డెబ్బై నాలుగు పాయింట్ ఒకటి అని చదివి పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. “ఈ బరువంతా ఒక్కదానివే మోశావా” అన్నారు. ఏడ్చాను. ఈసారి మింగలేదు.

మీరు గీతలు లెక్కపెట్టుకోవచ్చు, యాభై ఆరూ ఉన్నాయి.

కాటాను గోడ దగ్గర నుంచి తీసి కిటికీ కిందికి జరిపారు, వెలుతురు బాగా పడుతుందని. ఈ రోజు ఏడింటికి ఎక్కారు. గోడకు తిరగలేదు, తల వంచి కిందికి చూశారు. నేను కార్డు పట్టుకుని పక్కన నిలబడ్డాను. నాకు అంకె కనబడటం లేదు, ఆయన కాళ్ళు అడ్డం.

“అరవై ఎనిమిది పాయింట్ తొమ్మిది. నిన్నటికంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ” అన్నారు. మే పదమూడున ఆయన్ని మంచాన పడేసిన అంకె అదే.

“రాయి” అన్నారు. రాశాను. దిగి వచ్చి, కార్డులో సరిగ్గా రాశానా లేదా అని వేలు పెట్టి చూసుకుని, టిఫినుకు కూర్చున్నారు.

మీ మరదలు